కోడి దుమ్ములో పొర్లితే భయమెందుకు? పెరటి కోళ్ల మట్టి స్నానం: అపోహలు - వాస్తవాలు

చంద్రగిరి దగ్గర మా పెరట్లో నలభై దాకా నాటుకోళ్లు ఉన్నాయి. గుడ్లు అమ్ముతాను, పిల్లల్ని అమ్ముతాను, అడిగితే పెట్టల్ని కూడా ఇస్తాను. అమ్మడంతో పని అయిపోదు, ఆ తర్వాత ఫోన్లు మొదలవుతాయి. తిరుపతి నుంచి వచ్చి నాలుగు పెట్టల్ని తీసుకెళ్లిన ఒకావిడ మూడో రోజే మిట్టమధ్యాహ్నం వీడియో కాల్ చేసింది.

"అన్నా, ఒకసారి చూడన్నా! పెట్ట కాళ్లు కొట్టుకుంటా ఉండాది, కండ్లు మూసేసింది. సచ్చిపోతాదేమో. నీళ్లు చల్లేదా?"

చూస్తే అది కరివేపాకు చెట్టు మొదట్లో గుంట చేసుకుని హాయిగా పొర్లుతోంది. "చల్లొద్దక్కా, అది స్నానం చేస్తోంది" అన్నాను. ఇలాంటి ఫోన్లు నెలకి రెండు మూడు వస్తాయి. ఎక్కువగా వినేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పొర్లుతోందంటే ఫిట్స్ వచ్చినట్టే

వాస్తవం: ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడండి. ముందు ముక్కుతో మట్టిని తన వైపు లాక్కుంటుంది, కాళ్లతో గీరి గుల్ల చేస్తుంది. పొట్ట ఆనించి కూర్చుని, ఈకలన్నీ ఉబ్బించి, రెక్కలతో మట్టిని వీపు మీదికి ఎగరేసుకుంటుంది. దుమ్ము ఈకల సందుల్లోకి దిగాక ఓ పక్కకి ఒరిగిపోయి, కాళ్లు చాపి, తలా మెడా నేలకి రుద్దుతుంది. కొత్తవాళ్ల గుండె జారేది సరిగ్గా అక్కడే. చివరికి లేచి నిలబడి ఒక్క దులుపు దులుపుతుంది, చుట్టూ పొగ లేచినట్టు దుమ్ము. మొత్తం ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. రెండు రోజులకోసారి, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం వేళ ఎక్కువగా చేస్తాయి. ఒకటి మొదలుపెడితే మిగతావీ వచ్చి చేరతాయి.

ఎందుకంటే, కోడికి తోక మొదట్లో చిన్న నూనె గ్రంథి ఉంటుంది. ఆ నూనెను ముక్కుతో తీసి ఈకలకి పూసుకుంటుంది. అది పాతబడితే ఈకలు జిడ్డుగా అతుక్కుపోతాయి. పొడి మట్టి ఆ జిడ్డును పీల్చుకుని, దులిపినప్పుడు చర్మం పొట్టుతో సహా రాలిపోతుంది. మనం కుంకుడుకాయతో తలంటుకోవడం లాంటిదే.

ఒక తేడా మాత్రం తెలుసుకోవాలి. మే నెలలో మన దగ్గర ఎండ నలభై దాటినప్పుడు కోళ్లు మామిడి చెట్టు కింద గుంట తవ్వుకుని పడుకుంటాయి. అది స్నానం కాదు, కింది చల్లమట్టి కోసం. నోరు తెరిచి ఎగపోస్తూ, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, మట్టి ఎగరేయకుండా పడుంటే వడదెబ్బకు దగ్గరలో ఉన్నట్టు. అప్పుడు నీడ, చల్లటి తాగునీళ్లు వెంటనే కావాలి.

అపోహ: మట్టి ఎందుకు, షాంపూతో కడిగితే ఇంకా శుభ్రం

అక్కర్లేదు. రెట్ట అంటుకుని గడ్డకట్టిన చోట గోరువెచ్చటి నీళ్లతో తుడిస్తే చాలు. ఒళ్లంతా తడిపితే ఈకల మీది నూనె పోతుంది, చలికి ముడుచుకుంటుంది. చిన్న కోడిపిల్లల్ని తడిపితే అవి బతకడమే కష్టం.

అపోహ: దుమ్ముగుంట ఉంటే పేలు, మైట్లు (కంటికి ఆనీ ఆనని సన్న పురుగులు), గోమార్లు (పిడుదులు) ఏవీ రావు

ఇది నేనూ నమ్మినవాణ్ణే. మొదట్లో మంచి గుంట చేసి పెట్టాను కదా అని నిమ్మళంగా ఉండిపోయాను. ఒక పొదుగుకోడి పదకొండు పిల్లల్ని చేసింది. వారం తిరిగేసరికి పిల్లలు రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని కునుకుపాట్లు పడసాగాయి. మేతలో తేడా అనుకున్నాను, నీళ్లు మార్చాను. నాలుగు చచ్చిపోయాక, అయిదోదాని తల మీది నూగు విడదీసి చూస్తే పేలు. తల్లి ఒంటి మీంచి పిల్లల తలల మీదికి ఎక్కాయి. తల్లిని తిరగేసి పట్టుకుని తోక కింద ఈకలు పాయ తీశాను. గడ్డిరంగు పురుగులు వెలుతురు పడగానే చెదిరి పరిగెత్తాయి. ఈకల మొదళ్లలో తెల్లటి గుడ్లు గుత్తులుగా, సగ్గుబియ్యం నలిపి అంటించినట్టు ఉన్నాయి.

తప్పు గుంటది కాదు, నాది. పొదిగే పెట్ట ఇరవై ఒక్క రోజులు గుడ్ల మీదే ఉంటుంది. రోజుకి ఒకసారి కాసేపు లేచి, మేత తిని, నీళ్లు తాగి, వీలైతే దుమ్ములో పొర్లి, పరుగున వెనక్కి వస్తుంది. మా గుంట పెరటికి ఆ చివర, దాని గంప ఈ చివర. అంత దూరం వెళ్లి పొర్లే తీరిక దానికి లేదు. ఇప్పుడు పొదిగే గంపకి నాలుగడుగుల్లోనే పాత ఇనప బాండ్లిలో మట్టి పెడుతున్నాను. పొదగేసే ముందు పెట్టను తిరగేసి చూడకుండా కింద గుడ్లు పెట్టను.

దుమ్ము స్నానం పేలను తగ్గిస్తుంది, నిజమే. కానీ ఈకకి అతుక్కున్న గుడ్లను ఊడదీయలేదు. అందుకే పశువైద్యులు ఇచ్చే పేల పొడిని ఒకసారి చల్లి ఊరుకోకూడదు. ఆ గుడ్లు పిగిలి కొత్త పేలు వచ్చాక, వారం పది రోజులకి రెండోసారి వేయాలి. గుడ్లు పెట్టే కోడైతే ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అడిగి మరీ వేయించండి.

ఎర్ర మైట్లు, కోడి గోమార్ల కథ వేరు. అవి పగలు కోడి మీద ఉండవు. గూటి చెక్కల పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగి వెళ్లిపోతాయి. గోమార్లయితే తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. కోడి పగలంతా పొర్లినా వాటికేం కాదు. వాటి మీద యుద్ధం గూటి దగ్గర చేయాలి: పగుళ్లు మూసి, గోడలకి సున్నం కొట్టి, కోళ్లు కూర్చునే కర్రలు తీసి ఎండలో వేసి. రాత్రి తొమ్మిదింటికి టార్చి పట్టుకుని ఆ కర్రల అడుగుభాగం చూడండి, సంగతి తెలుస్తుంది. కాళ్ల పొలుసులు లేచి గరుకుగా ఉంటే అదీ ఒకరకం మైటే. పొలుసుల కింద ఉంటుంది, దుమ్ము దాకా రాదు. వారం పది రోజులు వేపనూనెనో కొబ్బరినూనెనో మందంగా పూస్తే ఊపిరాడక చస్తుంది.

అపోహ: ఏ పొడైనా పరవాలేదు

మా పద్ధతి ఆరు పాళ్లు జల్లించిన ఎర్రమట్టి, మూడు పాళ్లు సన్న ఇసుక, ఒక పాలు కట్టెల పొయ్యి బూడిద. అయిదారు కోళ్లకి రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, ఆరు అంగుళాల లోతు మట్టి చాలు. సిమెంటు తొట్టి, పాత లారీ టైరు, పగిలిన టబ్బు, ఏదైనా సరే.

బూడిద మంచిదని సగానికి సగం పోసేవాళ్లున్నారు. బూడిద తడిస్తే క్షారమవుతుంది, చర్మాన్నీ కళ్లనీ మండిస్తుంది. ముందు రోజు పొయ్యిలోది తెచ్చి వేయకండి, లోపల నిప్పుకణిక ఉండొచ్చు. ప్లాస్టిక్ కవర్లు కాల్చిన బూడిద అసలే వద్దు. సున్నం గోడకి మంచిది, కోడికి కాదు. ఒళ్లు కాలుతుంది.

చిత్తూరు వైపు గ్రానైటు పని ఎక్కువ కాబట్టి క్రషర్ డస్ట్ ఊరికే దొరుకుతుంది. మెత్తగా ఉంది కదా అని కొందరు అదే పోస్తున్నారు. అది రాతిపొడి, ఊపిరితిత్తుల్లోకి పోతే కోడికీ చేటే, పక్కన ఊడ్చే మనిషికీ చేటే. ఆన్‌లైన్‌లో కొనే డయాటమేషియస్ ఎర్త్ (నీటిలోని సూక్ష్మజీవుల శిలాజాల నుంచి తీసే మెత్తటి పొడి) పేలకు పనిచేస్తుంది గానీ పొడిగా ఉన్నంతవరకే. దాని దుమ్ము కూడా ముక్కుకి మంచిది కాదు, గుంట నిండా నింపే వస్తువు కాదు.

ఇక చీమల మందు. పాతవాళ్లు దేన్నైనా గమాక్సిన్ అనే పిలుస్తారు. అసలు గమాక్సిన్‌ను, అంటే బీహెచ్‌సీ అనే పురుగుమందును, మన దేశంలో 1997లోనే నిషేధించారు. ఇప్పుడు కొట్లో అమ్మేది వేరే మందు. ఏదైనా సరే, కోడి పొర్లే మట్టిలో కలపొద్దు. అది అక్కడే గింజలు ఏరుకుని తింటుంది, ఆ గుడ్డు మీ పిల్లలు తింటారు. ఎండబెట్టిన వేపాకు పొడి గుప్పెడు కలపండి, నష్టం లేదు. పసుపు కలపాలా అని అడుగుతారు. ఆ ధరకి కూరలోనే వేసుకోండి.

అపోహ: మేడ మీద, బోనులో పెంచే కోళ్లకి అక్కర్లేదు

మట్టి లేకపోయినా ఆ కోరిక పోదు. వైరు బోనులో ఉన్న కోడి ఉత్త తీగల మీదే కూర్చుని, లేని దుమ్మును రెక్కలతో ఎగరేసుకుంటుంది. ఒకసారి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తిరుపతిలో మేడ మీద పెంచేవాళ్లు టబ్బులో మట్టి పోసి రోజూ మధ్యాహ్నం ఒక గంట వదిలినా చాలు. తల్లి లేకుండా పెంచే పిల్లలకి కూడా వారం వయసు నుంచే చిన్న ట్రేలో పొడి మట్టి పెట్టండి. ఎవరూ నేర్పక్కర్లేదు, వాటంతటవే మొదలుపెడతాయి.

అపోహ: వానాకాలంలో ఎలాగూ కుదరదు

మన జిల్లాలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు మా పెరట్లో రెండు వారాలు అరచేతి మందం పొడి మట్టి లేదు. కోళ్లు వసారాలో మా నాన్న కుర్చీ కింద పొర్లడానికి తయారయ్యాయి. అప్పటినుంచి సెప్టెంబరు చివర్లోనే ఆరు సంచుల ఎర్రమట్టి జల్లించి, ఎండబెట్టి, అటక మీద పెడుతున్నాను. గుంట బదులు మట్టి పోసిన తొట్టిని రేకు కింద పెట్టి, నేలకి జానెడు ఎత్తున ఇటుకల మీద నిలబెట్టాను. జల్లు కొట్టే వైపు గోనెపట్టా కడతాను.

మట్టిని వారానికోసారి జల్లించి రెట్టలు, గడ్డలు తీసేయాలి. తడిసిందంటే మొత్తం మార్చాలి. రాత్రిపూట పైన రేకో, పలకో మూయండి. మూయకపోతే వీధి పిల్లులన్నీ దాన్ని తమకోసమే కట్టించారనుకుంటాయి.