షట్‌డౌన్ చేసినా ఆగని కంప్యూటర్

కంప్యూటర్ మొరాయిస్తే ఎవరైనా చెప్పే మొదటి మాట, "ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి" అని. సలహా మంచిదే. చిక్కంతా ఆ ఆపడం దగ్గరే ఉంది. విండోస్‌లో షట్‌డౌన్ నొక్కితే అంతా ఆగిపోయిందనుకుంటాం. చాలా కంప్యూటర్లలో అలా జరగదు.

కావాలంటే ఇప్పుడే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి సీపీయూ మీద నొక్కండి. కింద 'అప్ టైమ్' అని రోజులు, గంటలు, నిమిషాలు, సెకన్ల లెక్క కనిపిస్తుంది. రోజూ రాత్రి బుద్ధిగా షట్‌డౌన్ చేసేవాళ్లకు కూడా అక్కడ వారాల లెక్క కనిపించవచ్చు.

దీనికి కారణం ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు. 2012లో విండోస్ 8తో వచ్చింది. విండోస్ 10, 11లలోనూ చాలావరకు మనం అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. షట్‌డౌన్ నొక్కగానే విండోస్ మీరు తెరిచిన ప్రోగ్రాములన్నీ మూసేసి మిమ్మల్ని సైన్ అవుట్ చేస్తుంది. అడుగున పనిచేసే కెర్నల్‌ను (విండోస్‌కు గుండెకాయ లాంటి భాగం), పరికరాలను నడిపే డ్రైవర్లను మాత్రం మూయదు. అవి ర్యామ్‌లో, అంటే కంప్యూటర్ పనిచేస్తున్నప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీలో, ఏ స్థితిలో ఉన్నాయో ఉన్నదున్నట్టు డిస్కు మీద ఒక ఫైల్లోకి రాసిపెట్టి, ఆ తర్వాత పవర్ ఆపుతుంది. మర్నాడు ఆన్ చేస్తే అన్నిటినీ మొదటి నుంచి సిద్ధం చేసే బదులు ఆ ఫైలునే తిరిగి ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. పాత హార్డ్ డిస్కులున్నప్పుడు దీనివల్ల బాగానే టైమ్ కలిసొచ్చేది. వాటికంటే ఎంతో వేగమైన ఎస్‌ఎస్‌డి డిస్కు ఉంటే మిగిలేది కొద్ది సెకన్లే. ఆ మాత్రానికి ఇంత తతంగం అక్కర్లేదని నా అభిప్రాయం.

దీనివల్ల వచ్చే నష్టం డ్రైవర్ల దగ్గర తెలుస్తుంది. వైఫై, ప్రింటర్, గ్రాఫిక్స్ లాంటి పరికరాలను విండోస్ నడిపించేది డ్రైవర్ల ద్వారానే. మామూలు ప్రోగ్రాము ఏదైనా ర్యామ్ తీసుకుని తిరిగివ్వడం మరిచిపోయినా పెద్ద ఇబ్బంది లేదు, దాన్ని మూసేయగానే విండోస్ మొత్తం వెనక్కి లాక్కుంటుంది. కెర్నల్‌లో పనిచేసే డ్రైవర్ అలా మరిచిపోతే అడిగే నాథుడు లేడు. విండోస్ మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేదాకా ఆ మెమరీ ఇరుక్కుపోయే ఉంటుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆ ఇరుకునంతా డిస్కు మీదికి దించి, తెల్లారాక భద్రంగా తిరిగి తెస్తుంది. రాత్రి పనిచేయని వైఫై పొద్దున కూడా పనిచేయకపోవడానికి కొన్నిసార్లు ఇదే కారణం.

రీస్టార్ట్ నొక్కితే మాత్రం ఈ దాచిపెట్టడం ఉండదు. కెర్నల్‌తో సహా అన్నీ మూసి, అన్నీ కొత్తగా మొదలవుతాయి. కాబట్టి కంప్యూటర్ ఇబ్బంది పెడుతున్నప్పుడు వాడాల్సింది రీస్టార్ట్. పూర్తిగా ఆపాలనుకుంటే షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. శాశ్వతంగా వద్దనుకుంటే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలో, ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయొచ్చు. అదే కంప్యూటర్‌లో విండోస్‌తో పాటు లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వాడేవాళ్లు దీన్ని తప్పకుండా తీసేయాలి. సగం ఆగిన విండోస్ డిస్కులోకి లినక్స్ ఏదైనా రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది.

అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ రీస్టార్ట్ అడగడం విసుగే, కానీ అందులో న్యాయం ఉంది. వాడకంలో ఉన్న సిస్టమ్ ఫైలును విండోస్ మామూలుగా మార్చలేదు. దాన్ని వాడేవన్నీ ఆగినప్పుడే పాతది తీసి కొత్తది పెట్టగలదు.

టాస్క్ మేనేజర్ తెరిచారు కాబట్టి మెమరీ సంగతి కూడా చెప్పాలి. ర్యామ్ సగానికి పైగా నిండిందని కనబడితే కొందరికి టెన్షన్. ఖాళీగా పడి ఉన్న ర్యామ్‌తో ఎవరికీ లాభం లేదు. అందుకే ప్రోగ్రాములు వాడగా మిగిలిన చోటులో కూడా ఇటీవల వాడిన ఫైళ్ల నకళ్లను విండోస్ ఉంచుకుంటుంది. అక్కడ 'క్యాష్డ్' అని చూపించేది చాలావరకు ఇదే. ఏ ప్రోగ్రాముకైనా చోటు కావాల్సి వస్తే ఆ నకళ్లను వెంటనే వదిలేస్తుంది. ర్యామ్‌ను 'శుభ్రం' చేస్తామనే ప్రోగ్రాములు, నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకుంటున్న డేటాను బయటికి నెట్టేసి అంకె తగ్గించి చూపిస్తాయి. ఆ తర్వాత అవసరమైనప్పుడు దాన్నే మళ్లీ తెచ్చుకోవాలి, చాలాసార్లు డిస్కు నుంచి. అలాంటివి అసలు పెట్టుకోవద్దు. దానికి బదులు అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా చూసి, అవసరం లేనివాటిని డిసేబుల్ చేయండి. ఏమిటో తెలియనిది ఉంటే ముట్టుకోకండి.

ప్రతి చిక్కుకీ పూర్తి రీస్టార్ట్ అక్కర్లేదు. టాస్క్‌బార్ మాత్రమే బిగుసుకుపోతే టాస్క్ మేనేజర్‌లో, దాన్ని నడిపే విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను ఎంచుకుని రీస్టార్ట్ అంటే అదొక్కటే మళ్లీ మొదలవుతుంది. తెర నల్లబడినా, బొమ్మ కదలకుండా నిలిచిపోయినా విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కి చూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే తిరిగి మొదలవుతుంది. తెర ఒక్క క్షణం మిణుకుమంటుంది, తెరిచిన ప్రోగ్రాములు మామూలుగా అలాగే ఉంటాయి. ఇంత పనికొచ్చే కిటుకు చాలామందికి తెలియకపోవడం విచిత్రమే.

ఏ కీకీ పలకనప్పుడు ఇక మిగిలేది పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టడం. విండోస్ డిస్కులో వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ తాను చేయబోయే మార్పులను ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. పవర్ హఠాత్తుగా పోయినా, మళ్లీ ఆన్ చేసినప్పుడు ఆ చిట్టా చూసి ఫోల్డర్ల అమరికను చక్కదిద్దుకుంటుంది. అయితే ఆ చిట్టా కాపాడేది అమరికనే, ఫైల్లో మీరు రాసుకున్నదాన్ని కాదు. సేవ్ చేయని పేరాలు పోతాయి, అప్పుడే డిస్కులోకి వెళ్తున్న ఫైలు సగంలో ఆగిపోవచ్చు. అందుకే బటన్ పట్టుకునే ముందు, డిస్కు లైటు ఉన్న కంప్యూటరైతే అది మిణుకుమనడం ఆగేదాకా కొన్ని నిమిషాలు ఓపిక పట్టండి.