‘ఐస్’ పల్లెదాకా ఎలా వచ్చింది

చెన్నైలో పనికెళ్లిన కొడుకు ఉన్నట్టుండి సూళ్లూరుపేట దగ్గర సొంతూరికి వచ్చేస్తాడు. రెండు మూడు రోజులుగా నిద్ర ఉండదు, తిండి సయించదు, ఎవరో వెంటపడుతున్నారని భయం. గాలి సోకిందేమోనని ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టిస్తారు. కుర్రాళ్లు ‘మెత్’ అనీ ‘ఐస్’ అనీ పిలిచే మెథాంఫెటమైన్ కూడా మనిషిని సరిగ్గా ఇలాగే చేస్తుంది.

ఇది పాత మందే. 1893లో జపాన్ శాస్త్రవేత్త నగయి నగయోషి ఎఫెడ్రిన్ అనే మందు నుంచి తయారుచేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో నిద్ర రాకుండా జర్మన్ సైనికులకు పెర్విటిన్ పేరుతో ఇచ్చారు. జపాన్‌లోనూ వాడారు. యుద్ధం ముగిశాక అది అక్కడి జనంలోకి పాకింది. 1951లో చట్టం తెచ్చినా, 1954 ఒక్క ఏడాదిలోనే 55 వేలమందికి పైగా అరెస్టయ్యారు.

పల్లెల్ని ఇదెంతగా పీల్చేస్తుందో అమెరికాలో తెలిసింది. 1990ల నుంచి మిస్సోరి, అయోవా లాంటి వ్యవసాయ రాష్ట్రాల్లో పాడుబడ్డ ఇళ్లలో, కొట్టాల్లో దీన్ని వండేవారు. దీనికి ముడిసరుకు, జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్, మందుల షాపులోనే దొరికేది. ఎరువుగా వాడే అమోనియాను రైతుల ట్యాంకుల నుంచే దొంగిలించేవారు. ఆ విషపు పొగల మధ్యే పిల్లలు పెరిగారు. 2004లో ఇలాంటి వంట స్థావరాలు 20 వేలకు పైగా బయటపడ్డాయి. 2006లో వచ్చిన చట్టంతో ఆ మాత్రలు కౌంటర్ వెనక్కి వెళ్లాయి. గుర్తింపు కార్డు చూపాలి, రోజుకు 3.6 గ్రాములకు మించి ఇవ్వరు. ఊళ్లలో వంటలు తగ్గాయి. కానీ మెక్సికో ముఠాలు ఆ మాత్రల అవసరమే లేని పద్ధతి పట్టుకుని, ఇంకా చవగ్గా సరుకు పంపాయి. ముడిసరుకు ఆపినంత శ్రద్ధ అలవాటుపడ్డ మనిషి మీద పెట్టలేదనే నాకనిపిస్తుంది.

మన దగ్గర మత్తుమందుల్ని అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. 50 గ్రాములకు మించిన మెత్‌తో దొరికితే కనీసం పదేళ్ల జైలు. ఎఫెడ్రిన్ మీద నియంత్రణా ఉంది. అయినా మన జలుబు మాత్రలు మణిపూర్ మీదుగా మయన్మార్‌కు దొంగచాటుగా వెళ్లి, మత్తుబిళ్లలుగా తిరిగొచ్చిన కేసులున్నాయి.

వైద్యం సంగతికొస్తే, చెన్నైకి చాలా పాత అనుభవం ఉంది. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో ఇక్కడ మత్తు వదిలించే కేంద్రం మొదలుపెట్టారు. నగరానికి రాలేనివాళ్ల కోసం 1989లో ఆ సంస్థే మంజక్కుడి అనే పల్లెలో శిబిరం పెట్టింది. అది తాగుడుకోసం పెట్టిందే. కానీ రోగి దగ్గరికి వైద్యం నడిచి వెళ్లడమన్న ఆ పద్ధతి మెత్‌కు ఇంకా ఎక్కువ అవసరం. ఎందుకంటే హెరాయిన్‌కు బదులుగా ఇచ్చే మందులున్నట్టు దీనికి లేవు. కౌన్సెలింగ్, తరచూ మూత్రపరీక్ష, మత్తు లేదని తేలినప్పుడల్లా చిన్న బహుమతి: ఇప్పటిదాకా బాగా పనిచేసిన దారి ఇదే. ఇదంతా నెలల తరబడి సాగాలి.

వారానికి రెండుసార్లు లోకల్ రైలెక్కి చెన్నైకి రావాలంటే కూలివాడికి రెండు రోజుల కూలి పోతుంది, తోడొచ్చిన తల్లికీ పోతుంది. ఆ పరీక్షా, ఆ కౌన్సెలింగూ తడలోనో నాయుడుపేటలోనో దొరకాలి. అందాకా ఇంట్లో ఎవరికైనా ఈ లక్షణాలు కనిపిస్తే 14446కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు.