960 మిల్లీగ్రాములా, 240 చాలా? డోసు పేచీ ఎక్కడ మొదలైంది

క్యాన్సర్ మందుకు అనుమతి ఇవ్వకముందే రెండు డోసులను పోల్చి చూడాలా అన్న వాదన మళ్ళీ రాజుకుంది. కొత్త మందును తొలిసారి కొద్దిమంది మనుషులకు ఇచ్చి, ఎంత డోసు తట్టుకోగలరో చూసేవి ఫేజ్ 1 పరీక్షలు; డోసు ఖాయమయ్యేది సాధారణంగా అక్కడే. కథ మలుపు తిరిగింది 2021 మే 28న. కేరాస్ అనే జన్యువులో జీ12సీ మార్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆమ్జెన్ కంపెనీ మందు సోటోరాసిబ్‌ను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ త్వరిత పద్ధతిలో, అంటే పూర్తి అనుమతికి ముందే తొలి ఫలితాలను బట్టి, ఆమోదించింది. రోజుకు 960 మి.గ్రా., అంటే 120 మి.గ్రా. బిళ్ళలు ఎనిమిది. దాంతోపాటే ఓ మెలిక పెట్టింది: తక్కువ డోసుతో పోల్చి చూపాలి.

మొదటి ట్రయల్‌లో 180, 360, 720, 960 అంటూ మెట్లెక్కారు. డోసు పెంచడం ఆపాల్సినంత దుష్ప్రభావం, డీఎల్‌టీ అంటారు, ఏ మెట్టు మీదా రాలేదు. రాలేదు కాబట్టి పై మెట్టే ఖాయమైంది. రక్తంలో మందు పాళ్ళు మాత్రం 180 దగ్గరా 960 దగ్గరా ఇంచుమించు ఒక్కటే. అసలు పేచీ అక్కడుంది.

పై మెట్టు మీద ఈ మోజు కీమోథెరపీ రోజుల అలవాటు. 3+3 పద్ధతిలో ముగ్గురికి మందిస్తారు. ఎవరికీ డీఎల్‌టీ రాకపోతే డోసు పెంచుతారు, ఒకరికి వస్తే ఇంకో ముగ్గురిని చేర్చుకుంటారు, ఇద్దరికి వస్తే అక్కడితో సరి. లెక్కేసి చూడండి: నూటికి 40 మందిని దెబ్బతీసే డోసు కూడా నూటికి 31 సార్లు ఈ జల్లెడ దాటేస్తుంది. ఆరుగురిలో ఒక్కరికీ ఏమీ కాకపోయినా అసలు ప్రమాదం 39 శాతం దాకా ఉండొచ్చు. పైగా లెక్కలోకి వచ్చేది సాధారణంగా మొదటి 21 లేదా 28 రోజులే. నెలల తరబడి వేసుకునే బిళ్ళతో మూడో నెలలో పట్టుకుని వదలని విరేచనాలు ఇందులో కనబడవు.

గణాంక నిపుణులు ఊరుకోలేదు. డోసు పెంచాలా తగ్గించాలా అన్నది లెక్క కట్టి తేల్చే పద్ధతులు, 1990లో సీఆర్‌ఎం, 2015లో బోయిన్ వచ్చాయి. బోయిన్‌లో లక్ష్యంగా పెట్టుకున్న డీఎల్‌టీ రేటు 30 శాతమైతే, రోగుల్లో కనిపించిన రేటు 23.6 శాతానికి మించకపోతే పెంచు, 35.8కి చేరితే తగ్గించు, నడుమ ఉంటే అక్కడే ఉండు. 3+3 కంటే ఎంతో మేలు. అయితే ఇవీ ప్రధానంగా వెతికేది పై హద్దునే. ఆ హద్దుకు ఎంత కింద ఆగినా మందు అంతే పనిచేస్తుందా అన్నది వీటికి పట్టదు.

ఆ ప్రశ్న వేయించడానికే ఎఫ్‌డీఏ 2021లో ప్రాజెక్ట్ ఆప్టిమస్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. డోసు ఎంపికపై తుది మార్గదర్శకాలు 2024 ఆగస్టులో వచ్చాయి. ఆలస్యం, ఖర్చు అన్నది కంపెనీల అభ్యంతరం. నిజానికి రెండు డోసుల మధ్య గణాంకపరంగా తేడా నిరూపించి తీరాలని ఆ మార్గదర్శకాలు అడగలేదు. ఒక్కో డోసు 40 మందికి ఇచ్చి చూస్తే తేడా అంచనాలో అటూ ఇటూ 20 పాయింట్ల ఊగిసలాట ఉంటుంది. అందుకే రక్తంలో మందు పాళ్ళు, డోసు తగ్గింపులు, మధ్యలో మానేసినవారి లెక్క అన్నీ కలిపి చూడాలి.

సోటోరాసిబ్ పోలిక 209 మందితో జరిగింది. కణితి కుంచించుకున్నవారు 960తో 32.7 శాతం, 240తో 24.8. ఎక్కువ డోసే మెరుగని కంపెనీ అంది. ఆ సంఖ్యలతో అసలు తేడా సున్నా అయినా కావచ్చు, 20 పాయింట్లయినా కావచ్చు. 2023 డిసెంబరులో ఎఫ్‌డీఏ పూర్తి అనుమతి నిరాకరించింది, డోసు షరతు మాత్రం తీరిందంది. లేబుల్ మీద 960 అలాగే ఉంది.