"పట్టేసింది సార్": చీలమండ బెణుకు, పిక్క బిగుతు మీద అపోహలు - వాస్తవాలు

పోలీస్ కానిస్టేబుల్ నోటిఫికేషన్ వచ్చిందంటే అనంతపురంలో నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చే పిల్లలు ఎక్కువవుతారు. మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. పోలీస్ ట్రైనింగ్ కాలేజీ (పీటీసీ) గ్రౌండ్‌కు వచ్చేవాళ్లు కొందరే. మిగతావాళ్లంతా ఊరి రోడ్డు అంచున, చెరువు కట్ట మీద, గులకరాళ్ల దారుల్లో తెల్లవారకముందే ప్రాక్టీస్ చేస్తారు. చీకట్లో రాయి మీద కాలు పడి మడత పడుతుంది. రెండు మూడు వారాలు ఆగి, మళ్లీ పరుగెత్తి, మళ్లీ మడతేసుకుని అప్పుడు వస్తారు. ఏమైందని అడిగితే అందరిదీ ఒకటే మాట: "పట్టేసింది సార్."

ఈ ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు ఉంటాయి. నొప్పికి భయపడి కండరం బిగుసుకోవడం ఒకటి. దెబ్బ తర్వాత కీలు పూర్తిగా వంగకపోవడం రెండోది. మడమ వెనక ఉండే టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ) సహజమైన గట్టిదనం మూడోది. మొదటిది దానంతట అదే తగ్గుతుంది. రెండోదాన్ని మనం వదిలించాలి. మూడోదాన్ని కాపాడుకోవాలి, ఇంకా పెంచుకోవాలి. మూడింటికీ ఒకటే మందు వేయడం వల్లే చాలామంది కాలు మొరాయిస్తోంది.

అపోహ: నరం మీద నరం ఎక్కింది, చేత్తో రుద్ది, లాగి తీయిస్తే సరిపోతుంది.

నరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు. పాదం లోపలికి మడత పడినప్పుడు సాగేది, తెగేది లిగమెంట్. ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ అది. చీలమండకు బయటివైపు ఇలాంటివి మూడు ఉంటాయి. అందులో ముందు వైపుది మిగతా రెండింటికంటే బలహీనం. ఎక్కువగా దెబ్బతినేది అదే.

"తీయిచ్చినాక తగ్గింది గదా సార్" అంటారు పెద్దవాళ్లు. వాళ్ల మాట అబద్ధం కాదు. మామూలు బెణుకు నొప్పి ఒకటి రెండు వారాల్లో ఎలాగూ తగ్గుముఖం పడుతుంది. పైగా చేత్తో రుద్దితే కాసేపు హాయిగానూ ఉంటుంది. కానీ మొదటి రెండు మూడు రోజుల్లో వేడి నూనెతో గట్టిగా తోమితే లోపల రక్తస్రావం, వాపు పెరగొచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం, విరిగిన ఎముకను బెణుకు అనుకుని లాగడం. చిటికెన వేలి వైపు పాదం ఎముక మొదలు దగ్గర విరిగిన ఒక అమ్మాయి, రెండు వారాలు తీయించుకున్నాక నా దగ్గరికి వచ్చింది. ఆమె పడిన బాధ తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అపోహ: నడవగలిగితే ఎముక విరగనట్టే. వాపు బాగా ఉంటే విరిగినట్టే.

రెండూ నమ్మదగ్గవి కావు. దీనికి మంచి పద్ధతి ఒకటి ఉంది. కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ బృందం 1992లో ప్రకటించింది. చీలమండ రెండు పక్కల ఉబ్బెత్తు ఎముకలకు వెనక అంచున, కింది నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తు వరకు, లేదా ఆ ఎముకల కొనల మీద నొక్కి చూడాలి. పాదంలో రెండు చోట్ల నొక్కాలి: బయటి అంచు మధ్యలో చిటికెన వేలి ఎముక మొదలు దగ్గర, లోపలి వైపు పాదం వంపు పైభాగాన. వీటిలో ఎక్కడైనా ఎముక మీద నొప్పి పుట్టినా, దెబ్బ తగిలిన వెంటనే, తర్వాత పరీక్షించేటప్పుడు కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. ఇవేవీ లేకపోతే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు, వాళ్లకు విరిగినా నొప్పి తెలియకపోవచ్చు.

ఎక్స్‌రేలో లిగమెంట్ కనపడదు. "ఎక్స్‌రే నార్మల్" అంటే ఎముక బాగుందనే అర్థం. లిగమెంట్ ఎంత తెగిందో చేత్తో పరీక్షించి చూడాలి. మొదటి రోజు వాపు, నొప్పి వల్ల అది సరిగ్గా తెలియదు. నాలుగైదు రోజులాగి చూస్తే బాగా తెలుస్తుంది. అందుకే రెండోసారి రమ్మంటాను. చాలామంది రారు.

అపోహ: నొప్పి పోయింది కాబట్టి కాలు బాగైపోయింది.

నేను ఎక్కువగా పోరాడేది దీంతోనే. గార్లదిన్నె వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు "నొప్పి లేదు గదన్నా, ఇంగ పరిగెత్తొచ్చు గదా" అన్నాడు. గోడకు ఎదురుగా నిలబెట్టాను. మడమ నేలకు ఆనించి, మోకాలు గోడకు తాకేలా వంగమని, బొటనవేలికీ గోడకూ ఉన్న దూరం టేపుతో కొలిచాను. మంచి కాలు 11 సెంటీమీటర్లు, బెణికిన కాలు 7. రెండు కాళ్లకూ 2 సెంటీమీటర్లు తేడా ఉన్నా నేను పట్టించుకుంటాను. ఇతనికి 4. తర్వాత ఒంటికాలి మీద మడమ లేపమన్నాను. మంచి కాలితో 23 సార్లు లేపాడు, రెండోదానితో 9 దగ్గర వణికింది. అతని ముఖం చూసి నాకే బాధేసింది. నెల రోజులుగా ఆ కాలితోనే ఐదు కిలోమీటర్లు పరుగెడుతున్నాడు.

లిగమెంట్ కట్టు మాత్రమే కాదు, పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే గ్రాహకాలు కూడా అందులో ఉంటాయి. దెబ్బ తర్వాత ఆ కబురు మందగిస్తుంది. మడత పడటం సెకనులో పదో వంతు కంటే తక్కువ సమయంలో జరిగిపోతుంది. పడిన తర్వాత కండరం మేల్కొని ఆపేంత వ్యవధి ఉండదు. కాలు నేలను తాకకముందే పాదం సిద్ధంగా ఉండాలి. అది అభ్యాసంతోనే వస్తుంది: ఒంటికాలి మీద నిలబడటం, కళ్లు మూసి నిలబడటం, చిన్న గెంతు వేసి కదలకుండా ఆగడం. ఇవి వదిలేసినవాళ్లకే ఎక్కువగా మళ్లీ మళ్లీ బెణుకుతుంది.

అపోహ: బిగుతు చెడ్డది, పిక్కను ఎంత సాగదీస్తే అంత మంచిది.

నులక మంచం గుర్తు తెచ్చుకోండి. నులక బిగువుగా ఉంటే కూర్చున్నవాణ్ణి పైకి లేపుతుంది. వదులైతే కుంగి నేలకు తగులుతుంది. పిక్కను మడమ ఎముకకు కట్టే అకిలిస్ టెండన్ పని కూడా అలాంటిదే. పరుగులో ప్రతి అడుగుకూ దాని మీద శరీర బరువుకు ఆరేడు రెట్లు భారం పడుతుంది. 65 కిలోల మనిషికి దాదాపు నాలుగు వందల కిలోలు, అంతకంటే ఎక్కువ కూడా. సాగినప్పుడు శక్తిని దాచుకుని, కాలు నేల వదిలేటప్పుడు తిరిగి ఇస్తుంది. బ్రిటన్ శాస్త్రవేత్తలు 1987లో లెక్కగట్టినదాని ప్రకారం, 70 కిలోల మనిషి ఒక్కో అడుగులో మార్చుకునే దాదాపు 100 జౌల్‌ల శక్తిలో 35 ఈ టెండన్‌లో, 17 పాదం వంపులో దాగుతాయి.

ఈ గట్టిదనం విశ్రాంతిలో తగ్గుతుంది, బరువుతో పెరుగుతుంది. సాగదీసినప్పుడు "వదులైంది" అనిపించేది చాలావరకు సాగుడును ఓర్చుకునే శక్తి పెరగడం వల్లే. టెండన్ మాత్రం పెద్దగా మారదు. కీలు ముందుకు వంగకపోతే దానికి వేరే పని ఉంది: గోడ దగ్గర మోకాలు ముందుకు తోయడం రోజూ చేయాలి. టెండన్‌కు కావలసింది బరువు. ఆ కుర్రాడికి చెప్పింది ఇదే: మెట్టు అంచున నిలబడి, మూడు లెక్కపెడుతూ లేచి, మూడు లెక్కపెడుతూ దిగాలి. మొదట రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో, ఆ తర్వాత వీపు బ్యాగులో ఐదు కిలోల బియ్యం వేసుకుని, రోజు విడిచి రోజు. టెండన్ మారడానికి సుమారు 12 వారాలు పడుతుంది. "అన్నాళ్లా అన్నా" అన్నాడు. అంతే పడుతుంది, దాన్ని తగ్గించే మందు నా దగ్గర లేదు. స్కిప్పింగ్, గెంతులు ఆ తర్వాతే. అవి కుదిరాకే పరుగు.

అపోహ: పూర్తి విశ్రాంతి, ఐస్, క్రేప్ బ్యాండేజ్ చాలు.

రెండు మూడు రోజులు జాగ్రత్త, అంతే. ఐస్ నొప్పిని తగ్గిస్తుంది, మానడాన్ని వేగం చేస్తుందన్న గట్టి ఆధారం లేదు. నొప్పి ఓర్చుకోగలిగినంతలో నడక త్వరగా మొదలుపెట్టాలి. పరుగుకు తిరిగి వచ్చేటప్పుడు లేసులు కట్టుకునే బ్రేస్ (చీలమండను బిగించి పట్టే తొడుగు) నిజంగా ఉపయోగం, మళ్లీ బెణికే అవకాశాన్ని తగ్గిస్తుంది. పలుచటి క్రేప్ బ్యాండేజ్‌కు అంత పట్టు ఉండదు.

అపోహ: మడమ మీద పడకుండా మునివేళ్ల మీద పరుగెత్తితే దెబ్బలు తగలవు.

వీడియోలు చూసి వారంలో పరుగు తీరు మార్చుకుంటున్నారు. మునివేళ్ల మీద పడితే మోకాలి భారం తగ్గుతుంది, కానీ అది పిక్క మీదికి, అకిలిస్ మీదికి వెళుతుంది. బెణుకు నుంచి కోలుకుంటున్నవాడికి అది కొత్త కష్టం.

జ్వరానికో, విరేచనాలకో మెడికల్ షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ తీసుకుని మరుసటి రోజే పరుగుకు వెళ్లేవాళ్లకు ఒక మాట. ఈ రకం యాంటీబయాటిక్‌లు టెండన్‌ను దెబ్బతీయగలవని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లో గట్టిగా హెచ్చరించింది. డాక్టర్ చెప్పకుండా వాటిని వాడకండి. వాడుతుండగా మడమ వెనక నొప్పి మొదలైతే పరుగు ఆపి, మందు రాసిన డాక్టర్‌కు చెప్పండి. పరుగులో ఎవరో వెనకనుంచి పిక్క మీద కొట్టినట్టనిపించి, ఆ తర్వాత మునివేళ్ల మీద లేవలేకపోతే టెండన్ తెగి ఉండొచ్చు. అలాంటప్పుడు తీయించుకోవడానికి వెళ్లకుండా, అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.