పిల్లాడు కళ్లజోడు లాగి పారేస్తున్నాడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను పిల్లల కళ్లు పరీక్షించే ఆప్టోమెట్రిస్టుని. మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలకు సైట్ ఉందని చెప్పగానే ఆ తల్లి ముఖం ఎలా వాడిపోతుందో రోజూ చూస్తుంటాను. అద్దాలు రాసి పంపిస్తాం. నెల తిరిగాక మళ్లీ వస్తారు. అమ్మ సంచిలోంచి పెట్టె తీసి, అందులోంచి కళ్లజోడు తీసి నా చేతిలో పెడుతుంది. తళతళలాడుతూ ఉంటుంది, ఒక్క గీత ఉండదు, ముక్కు దగ్గర చెమట మరక కూడా ఉండదు. "ఉంచుకోవట్లేదండీ, లాగి పారేస్తున్నాడు" అంటారు. మూడేళ్ల పిల్లాడి అద్దాలు నెల రోజులకి అంత కొత్తగా ఉంటే నాకు దిగులు వేస్తుంది.

అందుకే రోజూ వినే మాటలు కొన్ని తీసుకుని, వాటిలో నిజమెంతో చెబుతాను.

అపోహ: "ఇంత చిన్నప్పుడే అద్దాలేంటి? స్కూల్లో చేరాక చూద్దాం."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. చూపు పుట్టుకతోనే పూర్తిగా వచ్చేయదు. కన్ను పంపే బొమ్మను చూసి చూసి మెదడు నేర్చుకుంటుంది. ఈ నేర్చుకోవడం ఏడెనిమిదేళ్ల లోపు చాలా చురుగ్గా సాగుతుంది. ఆ వయసులో మసక బొమ్మే అందితే మెదడు మసకగానే నేర్చుకుంటుంది. రెండు కళ్లలో ఒకదానికే ఎక్కువ పవర్ ఉంటే, మెదడు బాగా కనిపించే కన్నునే నమ్ముకుని రెండోదాన్ని పక్కన పెట్టేస్తుంది. దీన్నే లేజీ ఐ అంటాం. ఆ తర్వాత పదిహేనేళ్లకో ఇరవయ్యేళ్లకో ఎంత ఖరీదైన అద్దాలు పెట్టినా, లేజర్ చేయించినా, ఆ కంటికి పూర్తి చూపు రావడం కష్టం. పెద్ద పిల్లల్లోనూ చికిత్స కొంత పనిచేస్తుంది కానీ చిన్నప్పుడు పనిచేసినంతగా పనిచేయదు.

మీకూ నాకూ కళ్లజోడు చూడటానికి పనికొస్తుంది. మూడేళ్ల పిల్లాడికి అది చూడటం నేర్పుతుంది.

ఒక కన్ను బాగుంటే పిల్లాడు ఏ ఇబ్బందీ చెప్పడు. పరుగెత్తుతాడు, బంతి పట్టుకుంటాడు, కింద పడ్డ చీమను కూడా చూపిస్తాడు. ఇంట్లో ఆటగా ఒక కన్ను, తర్వాత రెండో కన్ను చేత్తో మూసి చూడండి. ఒకవైపు మూసినప్పుడు ఊరుకుని, రెండోవైపు మూయగానే ఏడ్చి మీ చెయ్యి తోసేస్తే, ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించండి.

అపోహ: "వాడికి అ ఆలే రావు, పవర్ ఎలా తెలుస్తుంది? ఊరికే రాసేస్తారు."

అక్షరాలతో పని లేదు. రెటినోస్కోప్ అనే చిన్న పరికరంతో కంట్లోకి వెలుతురు గీత వేసి, లోపలినుంచి తిరిగొచ్చే వెలుగు ఎటు కదులుతుందో చూస్తూ, ముందు లెన్సులు మార్చుతూ పవర్ కొలుస్తాం. ఆరు నెలల పాపకైనా కొలవొచ్చు. అయితే పిల్లల కళ్లు గట్టిగా ఫోకస్ చేస్తూ పవర్‌ని దాచేస్తాయి. అందుకే ముందు ఆ ఫోకస్‌ని సడలించే చుక్కలు వేస్తాం, లేదా అదే పని చేసే అట్రోపిన్ ఆయింట్‌మెంట్ మూడు రోజులు పెట్టి తీసుకురమ్మంటాం. ఆ మందు పెట్టాక కొందరికి రెండు వారాల దాకా కనుపాప పెద్దదిగా ఉంటుంది, ఎండ చూడలేరు, దగ్గరివి మసకగా ఉంటాయి. అది దానంతటదే పోతుంది. కానీ ముఖం ఎర్రబడి ఒళ్లు కాలితే మందు ఆపి వెంటనే డాక్టరుకి చెప్పండి. ట్యూబు మాత్రం పిల్లల చేతికి అస్సలు అందనివ్వకండి, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

అపోహ: "పవర్ సరిపోలేదు కాబట్టే లాగేస్తున్నాడు." దీనికి జంట: "వాడు మొండి."

ఈ రెండిటిలో ఏదో ఒకటి అనేసుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. నా అనుభవంలో మొదట చూడాల్సింది ఫ్రేము.

ఒక బాబు, మూడున్నరేళ్లు. రెండు కళ్లకూ ప్లస్ పవర్, అంటే ముఖ్యంగా దగ్గరివి స్పష్టంగా కనిపించని సైట్, ఐదు పైనే. అద్దాలు పెట్టిన రెండు నిమిషాలకే తీసేస్తున్నాడని వాళ్ల నాన్నగారు విసిగిపోయి ఉన్నారు. బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవి వెనక చూశాను. ఎర్రగా ఒరుసుకుపోయి, చిన్న పొక్కు కూడా ఉంది. ఫ్రేము రెండు సైజులు పెద్దది. "పెరిగే పిల్లాడు కదండీ, రెండేళ్లు వస్తుందని తీసుకున్నాం" అన్నారు. యూనిఫాం కొన్నట్టే కొన్నారు. పెద్ద ఫ్రేము ముక్కు మీద నిలవదు, జారుతుంది. జారకుండా ఉండాలని షాపులో కాడలు గట్టిగా వంచారు, అవి చెవి వెనక కోసుకుంటున్నాయి. పైగా అద్దం జారిపోయాక బాబు దాని పైనుంచే చూస్తున్నాడు. నొప్పి మిగిలింది, చూపు మాత్రం రాలేదు. సరైన సైజు ఫ్రేము మార్చిన వారానికి రోజులో ఎక్కువసేపు పెట్టుకున్నాడు. మొండితనం అనుకున్నదంతా చెవి నొప్పి.

సైజు తెలుసుకోవడానికి తేలిక దారి ఒకటుంది. పిల్లాడిని నవ్వించండి. నవ్వినప్పుడు బుగ్గలు ఫ్రేముని పైకి నెడితే సైజు తప్పు. కనుపాప ఇంచుమించు అద్దం మధ్యలోకి రావాలి. రెప్పలు అద్దానికి తగలకూడదు. చిన్నపిల్లలకి ముక్కు దూలం ఇంకా లేవదు కాబట్టి ముక్కు దగ్గర మెత్తటి సిలికాన్ ఉన్నవి, తల వెనక్కి పట్టీ వచ్చేవి తీసుకోండి. లెన్సు పాలికార్బొనేట్ అయితే పడినా అంత తేలిగ్గా పగలదు. గాజు అద్దాలు పిల్లలకు వద్దే వద్దు.

ఫ్రేము బాగుండి కూడా తీసేస్తుంటే అప్పుడు పవర్ సంగతి చూద్దాం. ప్లస్ పవర్ పిల్లలు ఇన్నాళ్లూ కంటి కండరాన్ని బిగబట్టి చూస్తూ వచ్చారు. అద్దం పెట్టాక కూడా ఆ బిగువు వెంటనే వదలదు. అందుకే మొదట్లో "అద్దాలు పెడితే ఇంకా మసగ్గా ఉంది" అంటారు. నిజమే చెబుతున్నారు, అబద్ధం కాదు. రెండు మూడు వారాలు విడవకుండా పెడితే బిగువు సడలుతుంది. ఇక్కడో కిటుకు ఉంది. అట్రోపిన్ ప్రభావం ఉన్నప్పుడు కన్ను బిగించలేదు. కాబట్టి ప్లస్ అద్దాలు ఆ రోజుల్లోనే మొదలుపెడితే పిల్లలు తేలిగ్గా ఒప్పుకుంటారు. పరీక్ష అయిన రోజే ఆర్డరు ఇవ్వమని నేను తొందరపెట్టేది ఇందుకే.

అలవాటు చేయడం గురించి కూడా చెప్పాలి. ఎదురుగా కూర్చుని రెండు చేతులతో పెట్టండి, వెంటనే వాడి చేతులకి ఒక పని ఇవ్వండి. పిండి ముద్ద, మట్టి, బొమ్మల పుస్తకం, ఏదైనా సరే. తీసేస్తే అరవకుండా మళ్లీ పెట్టండి. మూడోసారీ తీసేస్తే ఇక పోట్లాడొద్దు. పక్కన పెట్టేసి అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తీసినప్పుడల్లా అమ్మ పరుగెత్తుకొస్తుందని తెలిస్తే అదే ఆటైపోతుంది. మొదటి రోజు పావుగంటతో మొదలైనా పర్లేదు, రెండు వారాల్లో లేచింది మొదలు పడుకునే దాకా చేరాలి. టీవీ ముందు మాత్రమే పెడితే చాలదు. అంగన్‌వాడీ టీచరుకీ, ఎల్‌కేజీ మిస్‌కీ ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఇంకో మాట. పిల్లాడు వింటుండగా "అయ్యో, ఇంత చిన్నవాడికి జోడు పెట్టేశారే" అని చుట్టాలు జాలిపడితే దయచేసి వాళ్లని ఆపండి. తాతయ్య జోడు పెట్టుకుంటారు కదా, వాడి చేత ఆయన అద్దాలు తుడిపించండి, ఆయన చేత వాడివి తుడిపించండి. ఏడ్చే పిల్లల్లో చాలామంది పెద్దవాళ్ల ముఖం చూసి ఏడుస్తారు.

అపోహ: "పెడితే అలవాటైపోయి పవర్ పెరుగుతుంది. కాస్త తక్కువ పవర్ ఇవ్వండి."

మైనస్ పవర్, అంటే దూరానివి మసకగా కనిపించే సైట్, పెరిగేది కనుగుడ్డు పొడుగు పెరగడం వల్ల. పుట్టినప్పుడు సుమారు పదిహేడు మిల్లీమీటర్లుండే కనుగుడ్డు పెద్దయ్యేసరికి ఇరవైమూడు, ఇరవైనాలుగు అవుతుంది. ఉండాల్సిన దానికన్నా ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగితే రెండున్నర, మూడు దాకా మైనస్ వస్తుంది. అద్దం పెట్టినా పెట్టకపోయినా ఈ పెరుగుదల సాగుతుంది. తక్కువ పవర్ ఇస్తే ఆగుతుందేమోనని మలేషియాలో పరీక్షించి చూశారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ పవర్ ఇచ్చిన పిల్లలకే మైనస్ ఎక్కువ పెరిగింది. నిజంగా మేలు చేసేది రోజుకి రెండు గంటలు ఆరుబయట పగటి వెలుతురులో ఆడుకోవడం. తైవాన్‌లో 2010 నుంచి బడుల్లో దీన్ని కార్యక్రమంగానే పెట్టారు.

అపోహ: "మెల్లకన్ను అదృష్టం." "అద్దాలు పెట్టాకే మెల్ల వచ్చింది."

మొదటిది మన ఊళ్లలో ఇప్పటికీ అంటారు. మెల్ల ఉన్న కన్ను మూలపడిపోయే కన్ను, అందులో అదృష్టమేమీ లేదు. ప్లస్ పవర్ వల్ల వచ్చే మెల్ల ఎక్కువగా రెండు, మూడేళ్లప్పుడు బయటపడుతుంది. అద్దం పెడితే కన్ను నేరుగా నిలుస్తుంది, తీస్తే మళ్లీ లోపలికి తిరుగుతుంది. నేరుగా ఉన్న కన్నునే రోజంతా చూసిన అమ్మకి, రాత్రి అద్దం తీయగానే అది లోపలికి తిరిగితే గుండె జారుతుంది. కానీ అద్దం పనిచేస్తోందనడానికి అదే రుజువు.

అపోహ: "పొన్నగంటి కూర పెడితే సైట్ పోతుంది."

పెట్టండి, క్యారెట్టూ మునగాకూ కూడా పెట్టండి. విటమిన్ ఎ లేకపోతే రేచీకటి వస్తుంది కాబట్టి అవి కావాలి. కనుగుడ్డు ఆకారాన్ని మాత్రం ఏ కూరా మార్చదు. తేనె, ఆముదం, చనుబాలు కంట్లో వేయకండి.

అపోహ: "ఆడపిల్ల, రేపు పెళ్లికి ఇబ్బంది."

ఈ మాట అన్న ప్రతి ఇంట్లోనూ ప్రేమే ఉంది, నాకు తెలుసు. కానీ ఆ భయంతో నాలుగేళ్ల పాప కంటి చూపుని వదిలేయొద్దు. మెదడు నేర్చుకునే వయసు దాటాక ఆ చూపుని తిరిగి తెచ్చుకోవడం మన చేతుల్లో ఉండదు. పెద్దయ్యాక కాంటాక్ట్ లెన్సులున్నాయి, ఇంకా చాలా దారులున్నాయి. ఇవన్నీ ఇప్పుడు అద్దం పెట్టుకుని చూపు తెచ్చుకున్న కన్నుకే పనికొస్తాయి.

అపోహ: "విరగ్గొట్టేశాడు, మళ్లీ పరీక్షప్పుడు కొందాం."

పిల్లలు విరగ్గొడతారు, పారేస్తారు, బస్సులో మర్చిపోతారు. ఈ వయసులో నెల రోజుల విరామం కూడా వెనక్కి లాగుతుంది, ముఖ్యంగా లేజీ ఐ కోసం బాగున్న కంటిని ప్యాచ్‌తో మూస్తున్న పిల్లల్ని. పాత జోడు దాచి ఉంచండి, కొత్తది వచ్చేదాకా అదే పెట్టండి. పవర్ రాసిన చీటీని ఫోన్లో ఫొటో తీసి అమ్మ, నాన్న ఇద్దరి దగ్గరా పెట్టుకోండి. పండక్కి ఊరెళ్లినప్పుడు విరిగినా, పక్క టౌనులో ఆ చీటీ చూపించి మర్నాటికో ఎల్లుండికో చేయించుకోవచ్చు.