పాంక్రియాస్ క్యాన్సర్‌కు వీపెందుకు నొస్తది?

దేవరకొండ దిక్కు నుంచి ఒకాయన అడిగిండు: "అన్నా, మా పెద్దనాయినకు క్యాన్సర్ పాంక్రియాస్‌ల అంటున్నరు, ఆయనేమో వీపు వీపని మొత్తుకుంటుండు, ముందుకు వంగి కూసుంటెనే కొంచెం నిమ్మలం, ఇదేంది?"

మన నల్లగొండల నడుము నొప్పంటే ముందుగాల ఫ్లోరైడ్ మీదికే పోతది, మర్రిగూడ దిక్కైతే ఇంక చెప్పుడే లేదు, లేకుంటే గ్యాస్ గోలీలు. పాంక్రియాస్ అంటే క్లోమం, అది ఏం పనిచేస్తదో టెన్త్ పుస్తకంల ఉన్నది, అది వదిలేద్దాం. మనకు కావల్సిందల్లా అది కడుపు సంచి ఎనుక, వెన్నుపూస ముంగట అడ్డంగ పండుకొని ఉంటది, దాన్ని ఆనుకొనే సీలియాక్ ప్లెక్సస్ అని నరాల గుంపుంటది.

ఆపరేషన్‌ల తీసిన గడ్డను పల్చగ కోసి మైక్రోస్కోప్ కింద పెడ్తే, 100ల 80 కేసులకు పైనే క్యాన్సర్ కణాలు నరం చుట్టు మూగి, దాని తొడుగు లోపలికి గూడ దూరి కనవడ్తయి. నరం పొంటి మెత్తగ దారి దొరుకుతది గనుక పోతున్నయ్ అనుకునేటోళ్లు ఒకప్పుడు, కానీ సంగతి అంత అల్కగ లేదు.

డ్రిప్పు పెట్టిన బత్తాయి పాదు తవ్వి చూస్తే వేర్లన్నీ డ్రిప్పర్ కింద తడి ఉన్నకాడికే వచ్చి గుంపు కట్టి ఉంటయి కదా, ఇక్కడ డ్రిప్పర్ క్యాన్సర్ కణమే. అది ఎన్‌జీఎఫ్ (నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్) అనే, నరాలను పెంచే ప్రొటీన్‌ను చుక్క చుక్క వదుల్తది, నరం కొసలకు దాన్ని పట్టే రిసెప్టర్ ఉంటది, దాంతోని నరం అటే సాగుతది, లావైతది, చిన్నదానికే నొప్పి మొదలువెడ్తది, ఆ నొప్పే వీపుల తెలుస్తది. అసలు ఎన్‌జీఎఫ్ సంగతి బయటవడ్డదే ట్యూమర్ల పుణ్యాన: ఎలుక ట్యూమర్‌ను కోడి పిండంల పెడితే నరాలు ఎగవడి పెరుగుడు చూసింది రీటా లెవీ-మాంటాల్చినీ, 1986ల నోబెల్ వచ్చింది ఆమెకు. ఇది క్లాసుల ఎవ్వరూ చెప్పరు, ఫుల్‌ఫామ్ మాత్రం బట్టీ కొట్టిస్తరు.

తోటల లేని విచిత్రం ఏందంటే ఇక్కడ వేరు గూడ తిరిగి డ్రిప్పర్‌కు నీళ్లు పోస్తది. సింపథెటిక్ నరాలు (కంగారుల గుండెను దడదడలాడించే రకం) నార్‌అడ్రినలిన్ అనే రసాయనం వదుల్తయి, అది క్యాన్సర్ కణం మీది బీటా-2 రిసెప్టర్‌కు తగిలితే ఎన్‌జీఎఫ్ ఇంకా ఎక్కువ కారుతది, ఇంకా నరాలొస్తయి. పైగా ఈ గడ్డల చాలా భాగం క్యాన్సర్ కణాలే కాదు, పాంక్రియాస్‌లనే ఉండే స్టెల్లేట్ కణాలు అల్లిన గట్టి నార, అది రక్తనాళాలను నొక్కిపడేస్తది, మందూ చేరదు, తిండీ చేరదు. గట్ల ఆకలిమీదున్న కణాలకు నరాలే సెరీన్ అనే అమైనో ఆమ్లం అందిస్తయని 2020ల తేలింది.

ఇంకోటి చెప్పాలె. పాంక్రియాస్ తలకాయల, అంటే దాని లావు కొసల, గడ్డయితే పైత్యం నాళం మూసుకపోయి నొప్పి లేకుండనే కామెర్లొస్తయి. మనోళ్లు పసరు పోయించుకొని, చేతికి వాతలు పెట్టించుకొని నెలలు గడుపుతరు. పసరుతోని నాళం తెరుసుకోదు, స్కాన్ తీయించాలె.

నొప్పికైతే సీలియాక్ ప్లెక్సస్‌ల ఆల్కహాల్ ఇంజెక్షన్ ఇస్తరు, చాలామందికి ఉపశమనం దొరుకుతది, గడ్డ మాత్రం అట్లనే ఉంటది. మరి నరాలన్నీ కోసేస్తే గడ్డ గూడ ఎండిపోదా అంటే, ఎలుకలల్ల సింపథెటిక్ సిగ్నల్‌ను ఆపితే ట్యూమర్ నెమ్మదించింది కానీ మెదడు నుంచి కడుపు దాకా వచ్చే వేగస్ నరం కోస్తే ఇంకా జోరందుకున్నది. ప్లెక్సస్‌ల ఈ రెండు రకాల తీగలు కలిసే ఉంటయి, గందుకే అన్నీ కోసేస్తే గడ్డ ఎండిపోతదని చెప్పలేం.