గ్రెట్స్కీ ఎవరివాడన్న గొడవ ఇవాళ్టిది కాదు

2025 ఫిబ్రవరి 20న బోస్టన్‌లో కెనడా, అమెరికా ఐస్ హాకీ ఫైనల్. కెనడా గౌరవ కెప్టెన్‌గా పిలిస్తే ఆ దేశపు హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్కీ అమెరికా బెంచ్ మీదుగా మంచు మీదికొచ్చాడు. అటు ఆటగాళ్లకి బొటనవేలెత్తి చూపించాడు, ఒంటి మీద కెనడా జెర్సీ కూడా లేదు, సూటే. అవతల అమెరికా గౌరవ కెప్టెన్ మైక్ ఎరూజియోనీ మాత్రం శుభ్రంగా అమెరికా జెర్సీ వేసుకొచ్చాడు. కెనడాని 51వ రాష్ట్రం చేసుకుంటామని ట్రంప్ పదే పదే అంటున్న రోజులవి, పైగా గ్రెట్స్కీ ఆయన ప్రమాణస్వీకారానికి వెళ్ళొచ్చి నెలే అయింది. మ్యాచ్‌ని కెనడా 3-2తో గెలిచినా తిట్లు మాత్రం ఆగలేదు, కెనడా నగరం ఎడ్మంటన్‌లో అతని పేరున్న రోడ్డుకి పేరు మార్చాలని పిటిషన్ కూడా నడిచింది.

894 గోల్స్, ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టుకి నాలుగు స్టాన్లీ కప్‌లు (కెనడా, అమెరికా జట్లు కలిసి ఆడే లీగ్ ట్రోఫీ), ఇవన్నీ తెలిసినవే. ఈ కోపం ఇంత లోతుగా ఎందుకుందో తెలియాలంటే 1988 ఆగస్టు 9కి వెళ్ళాలి. నాలుగో కప్ గెలిచి మూడు నెలలు కాలేదు, అమెరికన్ నటి జానెట్ జోన్స్‌తో పెళ్ళయి నెల నిండలేదు, ఇంతలో ఆయిలర్స్ యజమాని పీటర్ పాక్లింగ్టన్ అతన్ని లాస్ ఏంజిల్స్ కింగ్స్‌కి ఇచ్చేశాడు. బదులుగా ఇద్దరు కుర్రాళ్ళు, మూడు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త ఆటగాళ్ళని ముందుగా ఎంచుకునే హక్కులు), వీటన్నిటికంటే ముఖ్యంగా కోటీ 50 లక్షల అమెరికన్ డాలర్ల నగదు.

ప్రెస్‌మీట్‌లో గ్రెట్స్కీ మాట్లాడలేక ఆగిపోయాడు. ఏడవనని జట్టు సహచరుడు మెస్సియర్‌కి మాటిచ్చానని చెబుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ట్రేడ్ (వేరే జట్టుకి మార్చడం) తనే అడిగానని కూడా ఆరోజు అన్నాడు, ఇవాళ్టికీ అతన్ని తప్పుపట్టేవాళ్ళు పట్టుకునేది ఆ ఒక్క మాటనే. అయితే అంతకు చాలా ముందే, కప్ గెలిచిన రాత్రే, యజమాని నిన్ను అమ్మజూస్తున్నాడని తండ్రి వాల్టర్ చెప్పాడని గ్రెట్స్కీ అంటాడు. తన్ను బేరానికి పెట్టారని తెలిశాక, పోయేదేదో నచ్చిన చోటికే పోదామనుకున్నాడన్నమాట. పాక్లింగ్టన్ ఏమో అతని అహం మాన్‌హాటన్ అంత ఉందని, ఆ కన్నీళ్ళు నటన అని కొట్టిపారేశాడు. జనం పాక్లింగ్టన్ దిష్టిబొమ్మ తగలబెట్టారు, అమ్మకాన్ని ప్రభుత్వం ఆపాలని పార్లమెంటులో ఎంపీ నెల్సన్ రీస్ అడిగాడు. కానీ చాలామంది నోళ్ళలో నలిగింది మాత్రం కొత్త పెళ్ళికూతురు. మా వాణ్ణి అమెరికా అమ్మాయి ఎత్తుకుపోయిందన్నారు, డబ్బులు ముట్టింది ఎవరికో చూడలేదు.

అతను వెళ్ళాక కాలిఫోర్నియాలో హాకీకి గిరాకీ వచ్చింది, 1991లో శాన్ హోజేకి, 1993లో అనహైమ్‌కి జట్లు పుట్టాయి. అదే దశాబ్దంలో క్విబెక్, విన్నిపెగ్ జట్లు అమెరికాకి తరలిపోయాయి. 1993లో కింగ్స్‌ని ఓడించి మాంట్రియల్ కప్ ఎత్తింది, 2025 వరకూ మరే కెనడా జట్టుకీ అది దక్కలేదు. వీటన్నిటికీ గ్రెట్స్కీ ఒక్కడే కారణం కాదు, అమెరికా డాలర్‌తో కెనడా డాలర్ మారకం రేటు కూడా ఉంది. కాకపోతే మారకం రేటు మీద అలగడం కష్టం కదా!

2002 సాల్ట్‌లేక్ ఒలింపిక్స్‌లో కెనడా స్వర్ణం గెలిచినప్పుడు ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌గా జట్టు వ్యవహారాలు చూసింది అతనే, 2010లో వాంకూవర్ జ్యోతి వెలిగించిందీ అతనే. అప్పట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఈసారి మాత్రం నోరు విప్పాల్సిన సమయంలో విప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. మరో హాకీ దిగ్గజం బాబీ ఓర్ వెనకేసుకొచ్చాక, ఆ తర్వాత ఎప్పటికో ఇంటర్వ్యూలో తనే మాట్లాడాడు: ప్రధాని దగ్గరా అధ్యక్షుడి దగ్గరా తనకి రాజకీయ పలుకుబడి ఏమీ లేదని, తన ఐదుగురు పిల్లలూ అమెరికన్లేనని, తను కెనడాని చూసి గర్వపడినట్టే మీరు మీ దేశాన్ని చూసి గర్వపడండని వాళ్ళకి చెబుతుంటానని.